మేనరికం: మన ఇళ్లలో అడగని ప్రశ్న

పోయిన సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాను. కనుమ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా మాట కదిపింది.

"మీ అన్న కూతుర్ని నీ కొడుక్కి చేసుకుంటే బాగుంటాది మే. పిల్లోడికీ ఇష్టమే, పిల్లకీ ఇష్టమే. ఇంగ ఆలోచించేదేముంది?"

ఆలోచించేది ఉంది. అది అమ్మకీ తెలుసు. పక్కనే గిన్నెలు సర్దుతున్న అక్క చేతులు ఒక్క క్షణం ఆగిపోవడం నేను చూశాను. అమ్మ కూడా చూసింది. ఎవరం ఏమీ అనలేదు. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఇదే అలవాటు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అందరం ఆగిపోతాం.

అక్కను పద్దెనిమిదో ఏట మా మేనమామకే ఇచ్చారు, అంటే అమ్మ తమ్ముడికి. మా వైపు అక్క కూతుర్ని చేసుకోవడం వింతేమీ కాదని మీకు తెలుసు. మొదటి బిడ్డ చక్కగా పుట్టాడు. నాలుగో రోజు నుంచి పాలు తాగడం తగ్గించాడు. తర్వాత మత్తుగా పడుకునేవాడు, ఊపిరి వేగంగా పీల్చేవాడు. పదకొండో రోజున పోయాడు. రెండేళ్ల తర్వాత పుట్టిన ఆడపిల్లకూ అదే వరస. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు పక్షిదోషం అన్నారు. చివరికి అందరూ కలిసి ఒక మాట మీదికి వచ్చారు: "దాని కడుపు మంచిది కాదు." మూడో కాన్పులో పుట్టిన అమ్మాయి నిక్షేపంగా ఉంది, ఉద్యోగం కూడా చేసుకుంటోంది. అయినా ఆ మాట మాత్రం అక్కను వదల్లేదు. మామను ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ అడగలేదు.

ఇప్పుడు నా కొడుకు, మా అన్న కూతురు పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు. పండగ నుంచి శ్రీహరికోట తిరిగొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. బీఏ తెలుగు చదివినదాన్ని, సైన్సు నాకు దూరం. కానీ చదవడం వచ్చు కదా. ఈ ప్రశ్న ముందు ఎవరికి వచ్చింది, వాళ్లేం చేశారు అని వెతుక్కుంటూ వెళ్లాను. నాకు దొరికింది మీతో పంచుకుంటున్నాను.

మన ఆచారం వయసు ఎంత?

మేనరికం మన తాతల కాలంలో మొదలైందేమీ కాదు. క్రీస్తు పుట్టక ముందు శతాబ్దాల నాటి బౌధాయన ధర్మసూత్రంలోనే దీని ప్రస్తావన ఉంది. దక్షిణాది వాళ్లకు ప్రత్యేకమైన ఆచారాలు ఐదు ఉన్నాయని చెబుతూ, అందులో మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడడాన్ని బౌధాయనుడు చేర్చాడు. ఉత్తరాది వాళ్ల ఆచారాలు కూడా ఐదు చెప్పాడు. అందులో సముద్రయానం ఒకటి. ఎవరి ఆచారం వాళ్ల ప్రాంతంలో తప్పు కాదు, ఒకరిది ఇంకొకరు చేస్తే తప్పు అన్నది ఆ వాదన.

ఆ తర్వాత కూడా పండితుల మధ్య ఈ తగాదా తెగలేదు. 14వ శతాబ్దంలో విజయనగరం నాటి మాధవాచార్యుడు పరాశర మాధవీయంలో మేనమామ కూతురితో పెళ్లిని సమర్థించాడు. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చినప్పుడు దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్ల మధ్య పెళ్లిని నిషేధించారు గానీ, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు వల్లే మన పెళ్లిళ్లు చెల్లుతున్నాయి.

ఇన్ని వందల ఏళ్ల చర్చలో వరస గురించి ఉంది, గోత్రం గురించి ఉంది. పుట్టే బిడ్డ ఆరోగ్యం గురించి మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. మేనరికాన్ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ఆస్తి బయటికి పోకూడదన్న లెక్క ఉంటే ఉండవచ్చు గానీ, ఆడపిల్ల వైపు నుంచి చూస్తే అందులో కొంత మేలూ ఉంది. తెలిసిన ఇల్లు, పరాయిది కాని అత్త, కట్నం దగ్గర కాస్త వెసులుబాటు. అక్కకు అత్తగారంటే మా అమ్మమ్మే. బిడ్డలు పోయినప్పుడు అక్కను గుండెకు హత్తుకున్నది ఆవిడే. పరాయి ఇల్లయితే అక్క బతుకు ఏమయ్యేదో నేను చెప్పలేను.

డార్విన్ ఇంట్లోనూ మేనరికమే

ఈ విషయం తెలిసి నాకు ఆశ్చర్యం వేసింది. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ 1839లో పెళ్లి చేసుకున్నది ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను. ఆమె స్వయానా డార్విన్ తల్లికి తమ్ముడి కూతురు. అంటే మన లెక్కలో మేనమామ కూతురు, అచ్చంగా మరదలే. వాళ్లకు పదిమంది పిల్లలు. అందులో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. పెద్ద కూతురు ఆనీ 1851లో పదేళ్ల వయసులో పోయినప్పుడు ఆ తండ్రి దాదాపు కుంగిపోయాడు.

అంటురోగాలు ప్రతి ఇంట్లోనూ పిల్లల్ని మింగిన రోజులవి. కాబట్టి ఆ చావులన్నిటికీ మేనరికమే కారణం అనడానికి వీల్లేదు. కానీ డార్విన్‌కు ఆ అనుమానం మనసులో గుచ్చుకుంటూనే ఉంది. మొక్కల మీద తను చేసిన ప్రయోగాల్లో, తమలో తాము పరాగసంపర్కం జరుపుకున్న మొక్కల సంతానం బలహీనంగా రావడం చూశాడు. మనుషుల్లో ఎలా ఉందో తేల్చుకోవాలనుకున్నాడు. 1871 జనాభా లెక్కల్లో, దంపతులు దగ్గరి బంధువులా అనే ప్రశ్న చేర్చమని పార్లమెంటు సభ్యుడైన స్నేహితుడు జాన్ లబక్ ద్వారా అడిగించాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. తర్వాత డార్విన్ కొడుకు జార్జ్ స్వయంగా లెక్కలు సేకరించి, 1875లో ఫలితాలు ప్రకటించాడు. నష్టం ఉంటే ఉండవచ్చు గానీ, అందరూ భయపడుతున్నంత పెద్దది కాదని అతను తేల్చాడు.

డార్విన్ దంపతుల కథ చదువుతుంటే నాకు అక్కే గుర్తుకొచ్చింది. అంత పెద్ద శాస్త్రవేత్తకు కూడా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. అయితే ఆయన ప్రశ్నను దాచిపెట్టలేదు.

పసిబిడ్డ గుడ్డల మీద మరక

జవాబుకు దారి చూపించింది లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారాడ్. ఆల్కాప్టోన్యూరియా అనే అరుదైన స్థితి ఉన్న పిల్లల మూత్రం గాలి తగిలితే నల్లబడుతుంది. అది ఏదో క్రిమి వల్ల వస్తుందని చాలామంది అనుకునేవారు. గారాడ్‌కు తెలిసిన ఒక ఇంట్లో అప్పటికే ఆ స్థితి ఉన్న పిల్లలున్నారు. 1901లో ఆ తల్లి మళ్లీ ప్రసవించింది. బిడ్డ గుడ్డలు జాగ్రత్తగా గమనించమని గారాడ్ నర్సుకు చెప్పాడు. పుట్టిన మూడో రోజుకే గుడ్డల మీద మరక కనిపించింది. అంటే ఇది బయటి నుంచి అంటుకున్నది కాదు, పుట్టుకతో వచ్చినది.

ఆ తర్వాత గారాడ్ ఏ వైద్యుడూ అంత శ్రద్ధగా అడగని ప్రశ్న అడిగాడు. మీరిద్దరూ బంధువులా? ఆ దంపతుల తల్లులు సొంత అక్కచెల్లెళ్లు. ఇంకొన్ని కుటుంబాలను కదిలిస్తే, చాలా చోట్ల తల్లిదండ్రులు అలాంటి దగ్గరి బంధువులే అని తేలింది. జన్యుశాస్త్రజ్ఞుడు విలియం బేట్సన్ దీనికి మెండెల్ సూత్రంతో అర్థం చెప్పాడు. మెండెల్ 1865లో బఠాణీ మొక్కల మీద చెప్పినది అప్పటిదాకా మరుగున పడి, 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. గారాడ్ వ్యాసం 1902లో అచ్చయింది.

ఆ సూత్రం నాకు అర్థమైనట్టు చెబుతాను. ప్రతి జన్యువూ మనలో జంటగా ఉంటుంది, ఒకటి అమ్మ ఇచ్చినది, ఒకటి నాన్న ఇచ్చినది. ఒకటి చెడినా రెండోది పని చేస్తుంటే మనకు ఏ జబ్బూ ఉండదు. లోపం ఉన్నట్టు మనకే తెలియదు. భార్యాభర్తలు ఇద్దరిలోనూ అదే జన్యువులో లోపం ఉన్నప్పుడే సమస్య. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడ్డవే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మిగతా మూడు వంతులూ బిడ్డ ఆరోగ్యంగానే ఉంటుంది. అక్క మూడో కూతురు నిక్షేపంగా ఉండడంలో వింత లేదు.

మనందరిలోనూ ఇలాంటి లోపాలు ఏవో కొన్ని ఉంటాయి. పరాయివాళ్లను పెళ్లాడితే వాళ్లలోనూ సరిగ్గా అదే లోపం ఉండడం అరుదు. బంధువులైతే, ఇద్దరికీ ఒకే తాత నుంచో అవ్వ నుంచో వచ్చి ఉండవచ్చు. బావామరదళ్ల మధ్య జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. వరస కుదిరిందా లేదా అనేది రక్తానికి తెలియదు. గారాడ్ చూసిన దంపతులు మన లెక్కలో అన్నాచెల్లెళ్ల వరస. వాళ్ల మధ్య ఉన్న పాలు, మన బావామరదళ్ల మధ్య ఉన్న పాలు సమానమే.

ఈ భాగం నేను రెండుసార్లు చదివాను. ఇద్దరి దగ్గరా ఉంటేనే జబ్బు వస్తుంది. మరి మూడు దశాబ్దాలు ఒక్క అక్క కడుపునే ఎందుకు తిట్టారు?

మన తెలుగువాళ్లే అడిగారు

1957లో ప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశాడు. ఈ దేశ పౌరసత్వం కూడా తీసుకున్నాడు. ఆయన దగ్గర చేరిన యువకుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. మేనరికాలు ఇంత విరివిగా జరిగే తన సొంత రాష్ట్రం వైపే ఆయన చూపు తిరిగింది. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలు ఎన్ని, వాటి ప్రభావం ఏమిటి అని పరిశీలించి 1960లో, మళ్లీ 1963లో వ్యాసాలు ప్రచురించారు. డార్విన్‌కు పార్లమెంటు అడగనివ్వని ప్రశ్నను మన వాళ్లు ఇక్కడి కుటుంబాలను అడిగారన్నమాట. అక్క పెళ్లికి ముప్పై ఏళ్ల ముందే. ఆ సంగతి మా ఊరిదాకా మాత్రం రాలేదు.

ఇప్పటి లెక్కలకు వస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద రక్తసంబంధ వివాహాలు సుమారు 11 శాతం. మన ఆంధ్రలో దాదాపు నాలుగో వంతు. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతర దేశాల వాళ్లతో కలిసి 260కి పైగా సమూహాల జన్యువులు పరిశీలించి ఇంకో సంగతి చెప్పారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమూహాలు మన దేశంలో చాలా ఉన్నాయి. అలాంటి చోట దగ్గరి చుట్టరికం లేకపోయినా ఇద్దరిలో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. "మాది మేనరికం కాదు కదా" అని పూర్తిగా గుండె మీద చెయ్యి వేసుకోవడానికి లేదు.

భయపడేవాళ్ల కోసం అసలు లెక్క కూడా చెప్పాలి. ఏ దంపతులకైనా తీవ్రమైన పుట్టుక లోపం ఉన్న బిడ్డ కలిగే అవకాశం వందలో రెండు మూడు. బావామరదళ్ల పెళ్లిలో దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. అంటే వందలో తొంభై అయిదుగురి దాకా పిల్లలు బాగానే పుడతారు. కానీ ఆ ఇంట్లో ఇంతకుముందే బిడ్డలు పోయి ఉంటే ఈ లెక్క పనికిరాదు. ఆ ఇంటి లెక్క వేరు.

మా ఇంటి బొమ్మ

ఇదంతా చదివాక నా కొడుకుతో, కోడలు కావాల్సిన పిల్లతో కూర్చుని అక్క బిడ్డల సంగతి చెప్పాను. వాళ్లకు అప్పటిదాకా తెలియదు. వాళ్లిద్దరూ భయపడతారనుకున్నాను. "అయితే కనుక్కుందాం అత్తా" అంది ఆ పిల్ల. నలుగురం కలిసి చెన్నైలో ఒక జెనెటిక్ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాం, అక్కతో సహా.

ఆవిడ ముందు రక్తం తీయలేదు. కాగితం తీసింది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, బంధువుల పెళ్లికి జంట గీతలు, పోయినవాళ్ల మీద అడ్డగీత. అవ్వకు పుట్టి పోయినవాళ్లెంతమంది అని అడిగితే మాకెవరికీ తెలియదు. అమ్మకు ఫోన్ చేశాం, అమ్మ అవ్వకు ఇచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ల అవ్వ తడుముకోకుండా చెప్పింది: "ఇద్దరు. ఒకడు పురిట్లోనే, ఒకతి ఎనిమిదో దినం. పాలు తాగలేదు." అవ్వకు ఇన్నేళ్లూ గుర్తుంది. ఎవరూ అడగలేదు, అంతే.

బిడ్డలకు వచ్చిన జబ్బు పేరేమిటని కౌన్సిలర్ అడిగింది. మా దగ్గర పేరు లేదు. ఆనాటి చీటీలూ లేవు, దుఃఖంలో ఎవరో చించి పారేశారు. పేరు తెలిసి ఉంటే పని చాలా సులువయ్యేది, ఆ ఒక్క జన్యువును చూస్తే సరిపోయేది అని ఆవిడ చెప్పింది. పుట్టిన కొద్ది రోజులకు పాలు మాని మత్తులోకి జారుకున్నారంటే, గారాడ్ చెప్పిన తరహాలో ఒంట్లో రసాయనాల మార్పిడికి సంబంధించిన పుట్టుక లోపం కావచ్చని అనుమానించింది.

తర్వాత లెక్క వేసి చూపించింది. అది నిజంగా ఇద్దరి నుంచి రావలసిన జబ్బే అయితే అక్కలోనూ లోపం ఉంది, మామలోనూ ఉంది. మా నాన్నది బయటి సంబంధం. కాబట్టి అక్కకు అమ్మ వైపు నుంచే వచ్చి ఉండాలి. అమ్మలో ఉంటే నాకూ, అన్నకూ వచ్చే అవకాశం సగం సగం. మా పిల్లలకు నాలుగో వంతు చొప్పున. ఇద్దరిలోనూ ఉండి, బిడ్డకు జబ్బుగా వచ్చే అవకాశం 64లో 1. నిద్ర లేకుండా ఊహించుకున్న దానితో పోలిస్తే అది చాలా చిన్న అంకె. తీసిపారేసేంత చిన్నదీ కాదు.

"ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి, తండ్రి బతికే ఉన్నారు కదా. వాళ్ల రక్తం చూస్తే దారి దొరకొచ్చు" అంది కౌన్సిలర్. ఇద్దరి జన్యువులూ చదివి, ఇద్దరిలోనూ ఒకే చోట ఉన్న లోపం కోసం వెతుకుతారట. దొరికితే పిల్లలిద్దరినీ దానికి మాత్రమే పరీక్షిస్తారు. దొరకకపోతే ప్రమాదం లేనట్టు కాదని కూడా ముందే చెప్పింది. ఒకవేళ ఇద్దరిలోనూ లోపం ఉందని తేలినా పెళ్లి మానుకోవాలని ఎవరూ ఆదేశించరు. కడుపుతో ఉన్నప్పుడు మూడో నెలలోనే మాయ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష ఉంది. బిడ్డ పుట్టగానే చికిత్స మొదలుపెట్టగల జబ్బులూ కొన్ని ఉన్నాయి. సైప్రస్ ద్వీపంలో 1980ల నుంచి పెళ్లికి ముందు తలసేమియా పరీక్ష తప్పనిసరి చేస్తే, జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. పెళ్లిళ్లు మాత్రం ఆగిపోలేదు. జంటలు తెలిసే పెళ్లి చేసుకున్నారు.

మామను ఒప్పించడం కష్టమవుతుందనుకున్నాం. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ విన్నాడు. "నా రక్తం గూడా సూస్తారా?" అన్నాడు. చూస్తారన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అప్పుడే అడిగుంటే ఇచ్చేవోణ్ని గదమ్మా" అన్నాడు. మర్నాడు అక్కా, మామా పక్కపక్కన కూర్చుని రక్తం ఇచ్చారు.

రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పట్టింది. పిల్లల ఫలితం ఏమిటో ఇక్కడ రాయను, అది వాళ్లిద్దరిదీ, నిర్ణయమూ వాళ్లదే. అక్కా మామల రిపోర్టు గురించి మాత్రం అక్క రాయమంది. ఇద్దరి పేర్ల కింద ఒకే జన్యువు, ఒకే లోపం. అక్క ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "నా ఒక్కదానిదే కాదు గదా" అంది. అమ్మ వచ్చి అక్క పక్కన కూర్చుంది. "నాదీ ఉందంట మే అందులో" అంది. ఇన్నేళ్లలో అమ్మ నోట ఆ విషయం మీద వచ్చిన మొదటి మాట అది.

ఓడిపోయిన రోజును రాసుకోవడం

మా ఆయన షార్‌లో పని చేస్తారు. ఇదంతా అయ్యాక ఒక సాయంత్రం ఎస్‌ఎల్‌వీ-3 సంగతి చెప్పారు. 1979 ఆగస్టు 10న మా శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆ మొదటి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఎక్కడ లోపమో కమిటీ వేసి వెతికారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వ్ దగ్గర ఆసిడ్ కారిపోయిందని తేలింది. దాన్ని రాసుకున్నారు, సరిచేసుకున్నారు. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణిని కక్ష్యలో పెట్టింది. "పడిపోయిన రాకెట్ కాగితాలు ఎవరూ చించరు, అవే ఎక్కువ జాగ్రత్తగా దాస్తారు" అన్నారు.

మన ఇళ్లలో మనం సరిగ్గా దీనికి ఎదురు చేశాం. పోయిన బిడ్డల పేర్లు పలకలేదు, చీటీలు చించేశాం, తల్లి మీద ఒక మాట వేసి తలుపు మూసేశాం. తల్లిని తప్పు పట్టాం కాబట్టి ఆ తల్లి దాచుకుంది. ఆ తల్లి దాచుకుంది కాబట్టి తర్వాతి జంటకు తెలియకుండా పోయింది. మా అవ్వ నుంచి నా కొడుకు దాకా నాలుగు తరాలు ఇలాగే నడిచింది.

కాబట్టి మీ ఇంట్లో సంబంధం మాట వస్తే, మేనరికమైనా బయటిదైనా, జాతకాలు చూసే ముందు ఒక కాగితం తీయండి. మీ అమ్మనూ, అత్తనూ, అవ్వనూ కూర్చోబెట్టి, పోయిన బిడ్డల సంగతి అడగండి. ఎన్నో రోజున, ఏ లక్షణాలతో అని రాసుకోండి. మగవాళ్ల వైపు నుంచి కూడా అంతే శ్రద్ధగా అడగండి. ఏ బిడ్డకైనా ఇప్పుడు జబ్బు చేస్తే, ఆ జబ్బు పేరు రాసిన కాగితం పారేయకండి. రేపు మీ మనవరాలికి అది పనికొస్తుంది.

మా ఇంటి కాగితం ఇప్పుడు బీరువాలో, పెళ్లి ఫోటోల ఆల్బమ్‌లో ఉంది. అక్క బిడ్డలు ఇద్దరికీ అందులో చోటు ఉంది. వాళ్ల పేర్లు అక్కే తన చేత్తో రాసింది.